మతిస్థిమితం తప్పిన మనిషి దగ్గరకు పోలీసులు వచ్చినప్పుడు

రాత్రి పదకొండు దాటాక పాస్టరు గారి ఫోను మోగుతుంది. అవతల తల్లి ఏడుస్తోంది. కొడుకు మూడు రోజులుగా నిద్రపోవడం లేదు, అన్నం ముట్టడం లేదు. ఎవరో తనను చంపడానికి వస్తున్నారంటూ కత్తిపీట పట్టుకుని గదిలో కూర్చున్నాడు. దగ్గరకు వెళ్లిన తండ్రిని తోసేశాడు. "అయ్యగారూ, పోలీసులను పిలవమంటారా?"

ఇలాంటి ఫోను ఎప్పుడూ అందుకోని కాపరి మన సంఘాల్లో అరుదు. చాలామంది ఇచ్చే జవాబు, "వద్దమ్మా. వాళ్లొస్తే కొడతారు, లాకప్‌లో వేస్తారు, కేసు రాస్తారు. తెల్లారేదాకా ప్రార్థన చేద్దాం" అని. కొందరు వెంటనే పిలవమంటారు. జీపు వస్తుంది, నలుగురు మీదపడి చేతులు కట్టేస్తారు, వీధంతా చూస్తుంది, ఆ తర్వాత అబ్బాయిని ఎక్కడికి తీసుకెళ్లారో ఇంట్లోవాళ్లకే తెలియదు. పిలవొద్దన్నవారికీ, పిలవమన్నవారికీ చట్టం ఏం చెబుతోందో తెలియదు. వచ్చిన కానిస్టేబుళ్లకు కూడా చాలాసార్లు తెలియదు. అందుకే ఈ వారం ఈ పేజీని ఆ చట్టానికే కేటాయిస్తున్నాం.

చట్టం పేరు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. 2018లో అమల్లోకి వచ్చింది. దీని విలువ తెలియాలంటే దీనికి ముందున్న రెండు చట్టాల వైపు ఒకసారి చూడాలి. బ్రిటిషువారి కాలంలో 1912లో వచ్చిన లూనసీ చట్టం ప్రకారం, పిచ్చివాడని అనుమానం కలిగిన మనిషి వీధుల్లో తిరుగుతూ కనిపిస్తే పోలీసులు అతణ్ణి "అరెస్టు" చేయవచ్చు. చట్టంలో ఉన్న మాటే అది. అరెస్టు చేసి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. దొంగకూ రోగికీ మొదటి మెట్టు ఒకటే. 1987లో వచ్చిన చట్టం ఆ మాటను మార్చింది, అరెస్టు అనకుండా "రక్షణలోకి తీసుకోవడం" అంది. కానీ దారి మార్చలేదు. 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందే హాజరుపరచాలి, ఆసుపత్రిలో చేర్చాలా వద్దా అనేది ఆయనే చెప్పాలి. 2017 చట్టం దారిని కూడా మార్చింది. పోలీసు రక్షణలోకి తీసుకున్న మనిషిని ముందు చూడవలసింది డాక్టరు.

ఈ చట్టంలో పోలీసుల గురించి చెప్పేది 100వ సెక్షన్. స్టేషన్ ఇన్‌చార్జి, అంటే మన ఎస్‌హెచ్‌ఓ, రెండు సందర్భాల్లో మనిషిని రక్షణలోకి తీసుకోవాలి. ఒకటి, మానసిక అనారోగ్యంతో తనను తాను చూసుకోలేని స్థితిలో దిక్కుతోచక తిరుగుతున్నవారు. రెండు, ఆ అనారోగ్యం వల్ల తమకు గానీ ఇతరులకు గానీ హాని చేసుకునే, చేసే ప్రమాదం ఉందని అధికారి నమ్మడానికి కారణం ఉన్నవారు. పైన చెప్పిన అబ్బాయి రెండో కోవలోకి వస్తాడు. ఇంట్లో ఉన్నా సరే, స్టేషన్ పరిధిలో ఉంటే చాలు. ఇంకో సంగతి కూడా గమనించాలి. చట్టం దీన్ని పోలీసుల అధికారంగా కాక విధిగా రాసింది. "ఇది మీ ఇంటి గొడవ, మాకు సంబంధం లేదు" అని తలుపు దగ్గర నుంచే వెనక్కి వెళ్లే వీలు ఎస్‌హెచ్‌ఓకు లేదు.

రక్షణలోకి తీసుకున్న తర్వాత జరగాల్సినవి కూడా ఆ సెక్షన్లోనే ఉన్నాయి. ఎందుకు తీసుకెళ్తున్నారో ఆ మనిషికి చెప్పాలి. చెప్పినా అర్థం చేసుకోలేని స్థితిలో ఉంటే అతని తరఫు ప్రతినిధికి చెప్పాలి. వీలైనంత త్వరగా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎంత ఆలస్యమైనా 24 గంటలు దాటకూడదు. ఇక సంఘస్థులు అందరూ గుర్తుంచుకోవాల్సిన వాక్యం ఒకటి ఉంది: ఇలా రక్షణలోకి తీసుకున్న వ్యక్తిని ఎట్టి పరిస్థితుల్లోనూ పోలీసు లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. "రాత్రయింది కాబట్టి", "బండి లేదు కాబట్టి", "డాక్టరు లేడు కాబట్టి" అనే మినహాయింపులేవీ చట్టం ఇవ్వలేదు. ఏ నేరమూ చేయని మానసిక రోగులను జైళ్లలో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. అప్పట్లో పశ్చిమ బెంగాల్ జైళ్లలో ఏ కేసూ లేకుండా మగ్గుతున్న రోగుల గురించి వచ్చిన తీర్పు అది. చట్టంలోకి ఆ మాట ఇంత స్పష్టంగా రావడానికి మరో పాతికేళ్లు పట్టింది.

24 గంటల లెక్కను కొంతమంది పోలీసులు తప్పుగా అర్థం చేసుకుంటారు. ఒక రోజు తమ దగ్గర ఉంచుకునే వెసులుబాటు అనుకుంటారు. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. "వీలైనంత త్వరగా" అనేదే అసలు ఆజ్ఞ.

ఏ ఆసుపత్రికి అనే దగ్గర కూడా ఒక అపోహ ఉంది. మానసిక రోగి అంటే తెలంగాణలో ఎర్రగడ్డకు, ఆంధ్రాలో విశాఖపట్నానికి తీసుకెళ్లాల్సిందేనని అందరూ అనుకుంటారు. ఆదిలాబాద్ మారుమూల గ్రామం నుంచి ఎర్రగడ్డ ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. ఆ దూరం సాకుతోనే రోగులు స్టేషన్ బెంచీల మీద ఉండిపోతారు. చట్టం అడిగేది దగ్గర్లోని ప్రభుత్వ వైద్య సంస్థను. అది ఏరియా ఆసుపత్రి కావచ్చు, జిల్లా ఆసుపత్రి కావచ్చు. పరీక్ష జరిగేలా చూసే బాధ్యత అక్కడి వైద్యాధికారిది. అత్యవసరమైతే, ప్రాణానికి ముప్పు గానీ తీవ్రమైన హాని గానీ తప్పించడానికి, రిజిస్టరు అయిన ఏ డాక్టరైనా చికిత్స మొదలుపెట్టవచ్చని 94వ సెక్షన్ చెబుతోంది. ఇంటి దగ్గరే అయినా చేయవచ్చు. ప్రతినిధి అందుబాటులో ఉంటే ఆయన సమ్మతి తీసుకోవాలి. ఆ అత్యవసర చికిత్స గడువు 72 గంటలు, లేదా మానసిక వైద్య సంస్థలో పరీక్ష జరిగే వరకు, ఏది ముందైతే అది. రోగిని అక్కడికి చేర్చడం కూడా అందులో భాగమే. కాబట్టి "మా దగ్గర సైకియాట్రిస్టు లేడు, వేరేచోటికి పొండి" అని గేటు దగ్గరే పంపేయడం సరికాదు.

పోలీసులు చేయలేనిది కూడా ఉంది. ఫలానా మనిషికి పిచ్చి అని తేల్చే అధికారం వారికి లేదు. ఆసుపత్రిలో చేర్చుకోమని ఆదేశించే అధికారం లేదు. పరీక్షించిన డాక్టరు చేర్చుకోవాల్సినంత జబ్బు లేదని చెబితే, తీసుకొచ్చిన పోలీసులే ఆ మనిషిని ఇంటి దగ్గర దించాలి. ఇల్లు లేనివారైతే ప్రభుత్వ ఆశ్రయ కేంద్రానికి చేర్చాలి. చేర్చుకోవాల్సి వచ్చి, రోగి ఒప్పుకోకపోతే దానికి వేరే పద్ధతి ఉంది. ప్రతినిధి దరఖాస్తు చేయాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, వారిలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. అలా మొదట చేర్చుకోగలిగేది 30 రోజుల వరకే.

ఈ హద్దులు ఎందుకు అవసరమో తెలుగువాళ్లకు వేరే ఊరి కథ చెప్పనక్కర్లేదు. 2020 మే నెలలో విశాఖపట్నంలో, మాస్కుల కొరత గురించి బహిరంగంగా మాట్లాడి సస్పెండైన ఒక ప్రభుత్వ వైద్యుణ్ణి పోలీసులు నడిరోడ్డు మీద చేతులు వెనక్కి కట్టి తీసుకెళ్లిన దృశ్యాలు అందరం చూశాం. ఆ తర్వాత ఆయన్ను మానసిక ఆసుపత్రిలో ఉంచారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఆ రోజు ఆయన ప్రవర్తన గురించి, ఆ రాజకీయాల గురించి ఎవరి అభిప్రాయం వారిది. మేము చూసేది వేరు. ఆయన నిజంగా అనారోగ్యంతో ఉన్నారనుకున్నా ఆ తాళ్లకు సమర్థన దొరకదు, అనారోగ్యం లేదనుకుంటే ఆ ఆసుపత్రి మంచానికి సమర్థన దొరకదు. ఒకరి రాజకీయ అభిప్రాయం, మత విశ్వాసం, సమాజం ఒప్పుకోని నడవడి ఇవేవీ మానసిక అనారోగ్యానికి రుజువులు కావని 3వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మతం మారిన కూతురికి "మతి పోయింది" అని ఆసుపత్రి పాలు చేయాలని చూసే కుటుంబాలు ఉన్న దేశంలో, ఈ సెక్షన్ మన సంఘాలకు ఎంత అవసరమో వేరే వివరించనక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రక్షణలోకి తీసుకోవడం వేరు, నేరం మీద అరెస్టు చేయడం వేరు. కోపంలో, భయంలో కుటుంబ సభ్యులు "మా తమ్ముడు నన్ను చంపబోయాడు" అని ఫిర్యాదు రాసిస్తే, పోలీసులు దాన్ని నేరంగా నమోదు చేసే అవకాశం ఉంది. అప్పుడు నడిచేది క్రిమినల్ చట్టం. మతిస్థిమితం లేని స్థితిలో చేసిన పనికి శిక్ష నుంచి మినహాయింపు భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్‌గా ఉంది, కానీ అది కోర్టులో నిరూపించుకోవాల్సిన విషయం. అక్కడిదాకా వెళ్లేసరికి మనిషి ఎంత నలుగుతాడో ఆలోచించండి. ఎవరికీ తీవ్రమైన హాని జరగనప్పుడు, ఫిర్యాదులో రాయాల్సింది జరిగింది జరిగినట్టు. అతనికి ఈ జబ్బు ఉంది, ఫలానా మందులు వాడుతున్నాడు, మానేసి ఇన్ని రోజులైంది, ఇప్పుడు తనకో మాకో హాని జరిగే ప్రమాదం ఉంది, 100వ సెక్షన్ కింద రక్షణలోకి తీసుకుని ఆసుపత్రికి చేర్చండి అని. సెక్షన్ నంబరు కాగితం మీద కనిపిస్తే స్టేషన్లో మాట తీరే మారుతుంది. ఇచ్చిన కాగితానికి ఒక నకలు, తీసుకెళ్లిన సమయం, ఏ ఆసుపత్రికో ఆ పేరు మన దగ్గర ఉండాలి. పాత చీటీలు, మందుల కవర్లు వారితో పంపాలి.

ప్రాణం తీసుకోబోయిన మనిషి విషయంలో మన ఊళ్లలో ఇంకో భయం రాజ్యమేలుతోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందని ఇంట్లోనే దాచి, నాటువైద్యంతో గంటలు పోగొట్టుకుంటారు. పాత శిక్షాస్మృతిలో 309వ సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసేది, ఆ భయం అక్కడిది. 2017 చట్టం 115వ సెక్షన్, అలాంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, విచారించి శిక్షించకూడదని చెప్పింది. వారికి సంరక్షణ, చికిత్స అందించడం ప్రభుత్వ బాధ్యత అని కూడా అంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో ఆ పాత సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని తన విధి చేయకుండా ఒత్తిడి పెట్టడానికి ఆత్మహత్యాయత్నం చేయడం మాత్రమే ఇప్పుడు నేరం. ఆసుపత్రి నుంచి సమాచారం వెళ్లి పోలీసులు వాంగ్మూలం తీసుకోవడానికి రావచ్చు. అది చూసి బెదరకండి. ఈ ఒక్క సంగతి ఆదివారం ప్రకటనల సమయంలో చదివి వినిపించినా, ఆసుపత్రికి సమయానికి చేరేవారు కొందరైనా ఉంటారని మా నమ్మకం.

చట్టం పోలీసులకే కాదు, మనకూ పని పెట్టింది. మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తిని చూసుకోవాల్సినవారే హింసిస్తున్నారని, పట్టించుకోకుండా వదిలేశారని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా స్టేషన్ అధికారికి చెప్పాలని 101వ సెక్షన్. ఆ అధికారి వెంటనే మేజిస్ట్రేటుకు నివేదించాలి. మేజిస్ట్రేటు ఆ వ్యక్తిని తన ముందుకు రప్పించి, పరీక్ష కోసం 10 రోజులకు మించకుండా ప్రభుత్వ మానసిక వైద్య సంస్థలో ఉంచమని ఆదేశించవచ్చు. పక్కింటి పశువుల కొట్టంలో గొలుసుతో కట్టి ఉన్న ఆడమనిషి గురించి ఊరందరికీ తెలిసి ఎవరూ నోరు విప్పని చోట్ల, ఇది మర్యాద సమస్య అనుకుని ఊరుకుంటాం. అది చట్ట ప్రకారం చెప్పి తీరాల్సిన సంగతి.

గొలుసుల మాట వచ్చింది కాబట్టి మన ఇంటి సంగతి కూడా మాట్లాడుకోవాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర స్వస్థత కోసం తెచ్చి ఒక ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది రోగులు అగ్నిప్రమాదంలో చనిపోయారు. మంటలు వచ్చినప్పుడు పరుగెత్తే వీలు వారికి లేదు. అది వేరే మతస్థుల చోటు అని పక్కన పెట్టడానికి వీల్లేదు. రోగులను నెలల తరబడి ఉంచుకునే ప్రార్థన మందిరాలు, స్వస్థత కేంద్రాలు మన మధ్య కూడా ఉన్నాయి. కట్టేసేవి, ఉపవాసం పేరుతో మందులు మాన్పించేవి ఉన్నాయి. మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని 95వ సెక్షన్ నిషేధించింది. మానసిక రోగుల సంరక్షణ కోసం వారిని ఉంచుకునే సంస్థ ఏ పేరుతో నడిచినా రిజిస్ట్రేషన్ ఉండాలని చట్టం అంటోంది. ఆ నిర్వచనం చాలా విశాలమైనది. రోగులను ఉంచుకునే ప్రతి సంఘమూ ఒక న్యాయవాదిని అడిగి తెలుసుకోవడం మంచిది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు గానీ, 10 వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య ఉన్న మనిషిని ఊరివాళ్లు సంకెళ్లతో కట్టారు, గొలుసులతో కట్టారు. ప్రభువు ఆయన దగ్గరకు వచ్చినప్పుడు కొత్త గొలుసు తేలేదు. ఆ వాక్యభాగం మీద ప్రసంగించేవారు ఈ భాగాన్ని ఎందుకో తొందరగా దాటేస్తారు.

వీధుల్లో తిరిగేవారి సంగతి ఇంకా ఉంది. రైలెక్కి భాష తెలియని ఊళ్లో దిగి, జుట్టు అట్టలు కట్టి, చెత్తకుండీల దగ్గర తినేవారిని మన యువకులు తీసుకొచ్చి స్నానం చేయించి, బట్టలు తొడిగి, భోజనం పెట్టడం చూస్తున్నాం. మెచ్చుకోవలసిన సేవ. అయితే జుట్టు కత్తిరిస్తున్నంతసేపూ వీడియో తీసి, ముందూ తరువాతా ఫొటోలు పక్కపక్కన పెట్టి యూట్యూబ్‌లో పెట్టడం మాత్రం మాకు మింగుడుపడదు. ఆ మనిషి అనుమతి ఎవరు అడిగారు? ఇంకా ముఖ్యమైనది, ఆ మనిషి కోసం ఎక్కడో ఒక తల్లి వెతుకుతూ ఉండవచ్చు. ఇల్లు లేని, దిక్కుతోచక తిరుగుతున్న మానసిక రోగి దొరికితే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని, కుటుంబాన్ని వెతికి సమాచారం ఇవ్వడం ఎస్‌హెచ్‌ఓ విధి అని 100వ సెక్షన్ చివర్లో ఉంది. స్టేషన్‌కు చెప్పకుండా నేరుగా ఆశ్రమానికి తీసుకెళ్తే ఆ వెతుకులాట మొదలే కాదు. ముందు స్టేషన్, తర్వాత ఆసుపత్రి, ఆ తర్వాతే మన ఆశ్రమం.

పోలీసులను తప్పుపట్టడం తేలిక. లాఠీ, తాడు తప్ప వేరే శిక్షణ ఇవ్వకుండా అర్ధరాత్రి కత్తిపీట పట్టుకున్న మనిషి ముందుకు పంపితే కానిస్టేబుల్ మాత్రం ఏం చేస్తాడు? పోలీసు అధికారులకు ఈ విషయంలో ఎప్పటికప్పుడు అవగాహన కల్పించాలని 30వ సెక్షన్ ప్రభుత్వాలకు చెప్పింది. జిల్లా ఎస్పీని కలిసి, తమ సంఘ హాలును ఇచ్చి, ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రిస్టును పిలిచి ఒక పూట శిక్షణ పెట్టించడం ఏ పట్టణంలోని పాస్టర్ల ఫెలోషిప్‌కైనా సాధ్యమయ్యే పని. క్రిస్మస్‌కు స్టేషన్‌కు కేకు తీసుకెళ్లే పరిచయం ఎలాగూ ఉంది.

పోలీసులు వచ్చేలోపు ఇంట్లో చేయదగినవి కొన్ని. గదిలో గుంపు చేరకూడదు. మనిషికీ తలుపుకూ మధ్య అడ్డంగా నిలబడకూడదు. ఒక్కరే, అతను నమ్మేవారు, గొంతు తగ్గించి మాట్లాడాలి. అతని భయాన్ని వాదించి గెలవాలని చూడొద్దు. ఆ సమయంలో గట్టిగా కేకలు వేస్తూ మీద చేతులుంచి చేసే ప్రార్థన భయంతో ఉన్నవాణ్ణి మరింత బెదరగొడుతుంది. పక్కగదిలో చేసుకోవచ్చు. 112కు చేసేటప్పుడు మొదటి మాటే "జబ్బు మనిషి" అని చెప్పాలి. 108 అంబులెన్సును కూడా అడగాలి. ప్రమాదం అంత దగ్గరగా లేకపోతే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆ సహాయం పొందే హక్కు ఉందని రోగికి చెప్పాల్సిన బాధ్యతను కూడా చట్టం పోలీసుల మీదే పెట్టింది.

జబ్బు నిదానించి, మనిషి మామూలుగా ఉన్న రోజుల్లో చేయాల్సిన చిన్న పని ఒకటుంది. పైన పదేపదే వచ్చిన "ప్రతినిధి"ని రోగి తానే ఎంచుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకం గానీ వేలిముద్ర గానీ వేస్తే సరిపోతుంది. ఆ ప్రతినిధి మైనరు కాకూడదు, ఆ బాధ్యతకు ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. అన్న కావచ్చు, భార్య కావచ్చు, కాపరి గానీ సంఘ పెద్ద గానీ కావచ్చు. ఆ కాగితం బైబిల్లో దాచిపెట్టడం కంటే, ఒక నకలు చూసే డాక్టరు దగ్గర, ఒకటి ప్రతినిధి దగ్గర ఉంచండి.